పల్లె రూటరును పలకరించేదెలా?
కమాండ్ లైన్‌లో నాలుగు మెలకువలు తెలిస్తే లోపం నిమిషాల్లో తేలుతుంది. ఒక్క పదం తప్పితే ఊళ్లన్నీ మూగబోతాయి

కైరుప్పల (ఆస్పరి): సచివాలయంలో ధ్రువపత్రం రాకపోయినా, బ్యాంకు మిత్ర వద్ద వేలిముద్ర పడకపోయినా, మండల కార్యాలయంలో భూమి వివరాల పేజీ తెరుచుకోకపోయినా జనానికి వినిపించే సమాధానం ఒక్కటే: ‘సర్వర్ డౌన్’. అయితే ఎక్కడో అమరావతిలోనో, హైదరాబాదులోనో ఉన్న సర్వర్ నిక్షేపంగా పనిచేస్తూ ఉండి, దానికీ మన ఊరికీ నడుమనున్న ఒక రూటరో, స్విచ్చో, తీగో పలకకపోవడం వల్ల కూడా ఇదే అవస్థ కలుగుతుంది. కూలి మానుకొని ఆస్పరికో, ఆదోనికో వచ్చిన మనిషికి ఆ తేడా తెలియదు. తెలియవలసింది అక్కడ పనిచేసే సాంకేతిక సిబ్బందికి. లోపం తమ గదిలోని పెట్టెలో ఉందా, స్తంభాల మీది తీగలో ఉందా, పై కార్యాలయంలో ఉందా అన్నది నిమిషాల్లో తేల్చే సాధనం ఒకటుంది. అదే కమాండ్ లైన్.

ఉగాది మరుసటి రోజున జరిగే పిడకల సమరంతో కైరుప్పల పేరు దూరప్రాంతాలకు తెలిసింది. అటువంటి పల్లెలకు కూడా ఇప్పుడు నెట్‌వర్క్ పరికరాలు చేరుతున్నాయి. వాటిని నడిపే విద్య ఎలా ఉంటుంది, దానిలో వేగమెలా సాధించాలి, ప్రమాదాలేమిటి అన్న విషయాలను పాఠకులకు, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో డిగ్రీ చదివి ఉపాధి వెతుక్కుంటున్న యువతకు వివరించడమే ఈ కథనం ఉద్దేశం.

గ్రామానికి తీగ వచ్చిన క్రమం

దేశంలోని గ్రామ పంచాయతీలన్నింటినీ ఆప్టికల్ ఫైబర్‌తో కలిపే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. మన రాష్ట్రంలో విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి ఇళ్లకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అందించే ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైన తర్వాత ఊరి స్థాయిలోనే కంప్యూటర్ల మీద సేవలు అందించే పద్ధతి వచ్చింది.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సవరించిన భారత్‌నెట్ కార్యక్రమానికి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదముద్ర వేసింది. 2.64 లక్షల గ్రామ పంచాయతీలను వలయ పద్ధతిలో కలపడం, బ్లాకుల్లోనూ పంచాయతీల్లోనూ రూటర్లు అమర్చడం అందులోని ముఖ్యాంశాలు. వలయమంటే ఊళ్లన్నిటినీ గుండ్రంగా కలుపుతూ పోయే తీగ. ఒకచోట తెగితే సమాచారం వెనుదిరిగి రెండో దారిన చేరుతుంది. ఎత్తుగా పత్తి బోరాలు వేసుకున్న లారీ తగిలి తీగ తెగినా ఊరు మూగబోకుండా చూడటమే ఈ ఏర్పాటు లక్ష్యం. అయితే ఏ దారిన పోవాలో నిర్ణయించేది తీగ కాదు, రూటరు. ఆ రూటరుకు ఆ తెలివి ఇచ్చేది మనిషి టైపు చేసే ఆదేశాలు.

తెరమీద బొమ్మలుండవు

మనం వాడే ఫోనులోనూ, కంప్యూటరులోనూ బొమ్మలుంటాయి, వాటిని తాకితే పని జరుగుతుంది. ఇళ్లలోని చిన్న వైఫై పెట్టెలకు కూడా బ్రౌజరులో తెరుచుకునే పేజీ ఉంటుంది. కార్యాలయాల్లోని పెద్ద రూటర్ల సంగతి వేరు. నల్లని తెరమీద ఒక చిన్న గుర్తు కనిపించి, ఆదేశం కోసం నిరీక్షిస్తుంది. మనం ఒక వాక్యం టైపు చేసి ఎంటర్ నొక్కగానే పరికరం జవాబు చెబుతుంది. దీనినే కమాండ్ లైన్ అంటారు. బొమ్మల పేజీ తెరుచుకోలేనంత బలహీనమైన లైను మీద కూడా ఈ అక్షరాల సంభాషణ సాగుతుంది. నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయినా కన్సోల్ తీగ ద్వారా ల్యాప్‌టాప్‌ను నేరుగా పరికరానికి తగిలించి మాట్లాడవచ్చు. అందుకే నాలుగు దశాబ్దాలుగా ఎన్ని కొత్త సాధనాలు వచ్చినా ఈ పద్ధతి చెక్కుచెదరలేదు.

1984లో అమెరికాలో ప్రారంభమైన సిస్కో సంస్థ పరికరాల కమాండ్ లైన్ ఈ రంగంలో దాదాపు ఒరవడిగా నిలిచింది. ఇక్కడి ఉదాహరణలు అధికంగా దానివే. ఇతర సంస్థల పరికరాల్లో పదాలు కొంత మారుతాయి. సిస్కోలో ‘షో’ అని అడిగితే హువావేలో ‘డిస్‌ప్లే’ అని అడగాలి. ఇచ్చిన ఆదేశాన్ని రద్దు చేయడానికి అక్కడ ముందు ‘నో’ చేరిస్తే, ఇక్కడ ‘అన్‌డూ’ చేర్చాలి. ఒకటి క్షుణ్ణంగా నేర్చినవారికి రెండోది కష్టం కాదు.

మూడు వాకిళ్ల ఇల్లు

ఈ వ్యవస్థను మూడు వాకిళ్ల ఇంటితో పోల్చవచ్చు. మొదటి వాకిట నిలబడినవారు కొన్ని వివరాలు మాత్రమే చూడగలరు. అక్కడ ఆదేశానికి ముందు బాణం మొన వంటి గుర్తు కనిపిస్తుంది. ‘ఎనేబుల్’ అని టైపు చేసి, రహస్య పదం ఇస్తే రెండో వాకిలి తెరుచుకుంటుంది. గుర్తు హ్యాష్‌గా మారుతుంది. ఇక్కడ పరికరం వివరాలన్నీ చూడవచ్చు, దానిని ఆపి మళ్లీ నడపవచ్చు. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ అనే ఆదేశంతో మూడో వాకిలి దాటితే అమరికలను మార్చే అధికారం వస్తుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది తామే వాకిట ఉన్నామో చూసుకోకపోవడం వల్లనే. టైపు చేయడానికి ముందు ఆ గుర్తును ఒకసారి చదవడం అలవాటు కావాలి. అక్కడ పరికరం పేరు కూడా ఉంటుంది కనుక, ఆస్పరి రూటరు అనుకొని ఆదోని రూటరులో మార్పులు చేసే ప్రమాదం తప్పుతుంది.

మూడో వాకిట ఉండగా వివరాలు చూడవలసి వస్తే ప్రతిసారీ బయటకు వచ్చి, మళ్లీ లోనికి వెళ్లనవసరం లేదు. ‘షో’ ఆదేశానికి ముందు ‘డూ’ అనే పదం చేర్చితే సరిపోతుంది. పని ముగిశాక ‘ఎండ్’ అంటే ఒక్కసారిగా రెండో వాకిటికి వస్తాము.

ప్రశ్నార్థకమే గురువు

వందలాది ఆదేశాలను కంఠస్థం చేయాలేమోనని భయపడనక్కరలేదు. ఎక్కడ సందేహం వచ్చినా ప్రశ్నార్థకం నొక్కితే చాలు. పదం మధ్యలో నొక్కితే ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ చూపుతుంది. ఒక ఖాళీ వదిలి నొక్కితే తర్వాత ఏ పదం రావచ్చునో, దాని అర్థమేమిటో చెబుతుంది. ఈ తేడా చిన్నదే అయినా ముఖ్యమైనది. సగం పదం టైపు చేసి ట్యాబ్ మీట నొక్కితే మిగతా సగాన్ని పరికరమే పూర్తిచేస్తుంది. తప్పు పడితే, ఎక్కడ తప్పు పడిందో ఆ అక్షరం కింద టోపీ వంటి చిన్న గుర్తు పెట్టి చూపుతుంది. ఆ గుర్తును చూడకుండా వాక్యమంతా మళ్లీ టైపు చేయడం కాలహరణం.

అక్షరాల పొదుపు

ఏ పదాన్నయినా మరొక దానితో పోల్చుకొని పొరబడే అవకాశం లేనంతవరకు కుదించవచ్చు. పరికరంలోని దారులన్నీ ఎలా ఉన్నాయో చూపే ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ అనే ఆదేశానికి ఇంగ్లీషులో 20 అక్షరాలు. దానిని ‘ఎస్‌హెచ్, ఐపీ, ఐఎన్‌టీ, బీఆర్’ అని 9 అక్షరాల్లో ముగించవచ్చు. మరీ కుదిస్తే మాత్రం పరికరం ఒప్పుకోదు. సీ, ఓ అనే రెండక్షరాలే ఇస్తే అది ‘కాన్ఫిగర్’ కావచ్చు, ‘కనెక్ట్’ కావచ్చు, ‘కాపీ’ కావచ్చు. అర్థం సందిగ్ధమని చెప్పి ఆగిపోతుంది. పొట్టి రూపాలు చేతితో టైపు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. పుస్తకంలో రాసుకునేటప్పుడు, ఇతరులకు పంపేటప్పుడు పూర్తి పదాలు రాయడమే క్షేమం. నేడు స్పష్టంగా ఉన్న పొట్టి రూపం రేపు కొత్త సాఫ్ట్‌వేర్‌లో సందిగ్ధం కావచ్చు.

పై బాణం మీట నొక్కితే ఇంతకుముందు ఇచ్చిన ఆదేశాలు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. సాధారణంగా చివరి పదింటిని పరికరం గుర్తుంచుకుంటుంది. ‘టెర్మినల్ హిస్టరీ సైజ్’ అనే ఆదేశంతో దీనిని 256 వరకు పెంచుకోవచ్చు. పొడవైన వాక్యంలో తప్పు దిద్దడానికి కంట్రోల్ మీటతో ‘ఏ’ నొక్కితే వాక్యం మొదటికి, ‘ఈ’ నొక్కితే చివరకు వెళతాము. ‘డబ్ల్యూ’ నొక్కితే వెనుకనున్న ఒక పదం చెరిగిపోతుంది. ‘యూ’ నొక్కితే మొదటి వరకు చెరిగిపోతుంది.

రెండో వాకిట ఏదైనా పదం తప్పుగా టైపు చేస్తే, పరికరం దానిని వేరొక కంప్యూటరు పేరుగా భావించి వెతుకుతూ కొన్ని క్షణాలు స్తంభించిపోవడం కద్దు. కంట్రోల్, షిఫ్ట్, 6 మీటలు కలిపి నొక్కితే ఆ వెతుకులాట ఆగిపోతుంది. దారి వెదికే ‘ట్రేస్‌రూట్’ వంటి సుదీర్ఘ పనులను ఆపడానికి కూడా ఇదే మార్గం.

బారెడు జాబితాలో బెత్తెడు ముక్క

పరికరం అమరికలన్నీ చూపే ‘షో రన్నింగ్-కాన్ఫిగ్’ ఆదేశానికి వందల వరుసల జవాబు రావచ్చు. ఒక్కో తెర దాటడానికి స్పేస్ మీట, ఒక్కో వరుసకు ఎంటర్, చాలనుకుంటే ‘క్యూ’ నొక్కాలి. అంతకంటే మేలైన పద్ధతి జల్లెడ పట్టడం. ఆదేశం చివర నిలువు గీత పెట్టి, ‘ఇన్‌క్లూడ్’ అని ఒక పదం ఇస్తే ఆ పదమున్న వరుసలే వస్తాయి. ‘ఎక్స్‌క్లూడ్’ అంటే అవి తప్ప మిగిలినవి వస్తాయి. ‘బిగిన్’ అంటే ఆ పదం కనిపించిన చోటి నుంచి మొదలవుతుంది. ‘సెక్షన్’ అంటే ఆ విభాగం మొత్తం వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. జల్లెడలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు వేరు, చిన్న అక్షరాలు వేరు. ఆ తేడా చూసుకోకపోతే ఉన్న సమాచారం లేనట్లే కనిపించి, లేని లోపాన్ని వెతకవలసి వస్తుంది.

లోపం ఎక్కడుందో తేల్చడం

సచివాలయంలో ఇంటర్నెట్ రావడం లేదనుకుందాం. సిబ్బంది ఊహలతో తీగలు పీకి పెట్టేకంటే ఒక వరుసలో వెళ్లడం మంచిది.

మొదట ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’. ఒక్కో దారికి రెండేసి స్థితులు కనిపిస్తాయి. రెండూ ‘అప్’ అయితే ఆ దారి బాగున్నట్లే. రెండూ ‘డౌన్’ అయితే తీగ ఊడినదో, అవతలి పరికరానికి కరెంటు లేదో చూడాలి. ‘అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్’ అని ఉంటే తీగ తప్పు కాదు. ఎవరో ఆదేశం ఇచ్చి ఆ దారిని మూసివేశారు, లేదా ఇంతవరకు తెరవనే లేదు. ‘నో షట్‌డౌన్’ అనే ఆదేశంతో తెరవాలి.

రెండోది ‘షో ఇంటర్‌ఫేసెస్’. అందులో సీఆర్‌సీ లోపాల సంఖ్య చూడాలి. కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే తీగనో, కనెక్టరునో అనుమానించాలి. ఎప్పుడో పడిన పాత లోపాల మొత్తం అలాగే నిలిచి ఉంటుంది కనుక ఒక్కసారి చూసి నిర్ణయించరాదు.

మూడోది ‘పింగ్’. అవతలి పరికరాన్ని పేరుపెట్టి పిలవడం వంటిది. సాధారణంగా 5 సార్లు పిలుస్తుంది. జవాబు వస్తే ఆశ్చర్యార్థకం, గడువులో రాకపోతే చుక్క పడుతుంది. మొదట దగ్గరి పరికరాన్ని, తర్వాత మండలంలోని దానిని, ఆ తర్వాత దూరానిదానిని పిలుస్తూ పోతే ఎక్కడ మాట ఆగిందో తెలుస్తుంది. అయితే భద్రత కోసం కొన్ని పరికరాలు ఈ పిలుపునకు పలకవని గుర్తుంచుకోవాలి.

చివరిగా ‘షో వెర్షన్’. పరికరం ఎంతసేపటి నుంచి నడుస్తున్నదో అందులో ఉంటుంది. 10 నిమిషాలే అని ఉంటే, అంతకుముందు కరెంటు పోయిందనో, పరికరం తనంతట తాను ఆగి లేచిందనో భావించాలి. ఈ నాలుగు జవాబులను రాసుకొని పై అధికారికి ఫోను చేస్తే, ‘నెట్ రావడం లేదు’ అనే ఒక్క మాట కంటే పదిరెట్లు ఉపయోగం. మరమ్మతుకు రావలసిన మనిషి నిచ్చెన తెచ్చుకోవాలో, ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలో ముందే తెలుస్తుంది.

ఒక్క పదం మరిస్తే

ఈ విద్యలో వేగంతో పాటు ప్రమాదమూ ఉంది. సిస్కో రూటర్లలో అమరికల ఆదేశం సాధారణంగా ఎంటర్ నొక్కిన క్షణమే అమలవుతుంది. ‘నిజంగానా?’ అని అడిగే అలవాటు దానికి లేదు. రెండు స్విచ్‌ల నడుమ ఒకే తీగ మీద సచివాలయం, పాఠశాల, ఆసుపత్రి నెట్‌వర్క్‌లు వేర్వేరు అంకెల వీల్యాన్‌లుగా నడుస్తున్నాయనుకుందాం. కొత్తగా 20వ అంకెను చేర్చడానికి ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 20’ అనాలి. అందులో ‘యాడ్’ అనే పదం మరిస్తే అర్థమే మారిపోతుంది. 20 తప్ప మిగిలినవన్నీ ఆ తీగ మీద ఆగిపోతాయి. చేర్చమనడానికీ, అదొక్కటే ఉంచమనడానికీ తేడా మూడు ఇంగ్లీషు అక్షరాలే. నెట్‌వర్క్ రంగంలో తరచూ చెప్పుకొనే పొరపాట్లలో ఇది ఒకటి.

పెద్ద సంస్థలు కూడా దీనికి అతీతం కాదు. 2021 అక్టోబరు 4న మన కాలమానం ప్రకారం రాత్రి 9 గంటల ప్రాంతంలో ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా ఆగిపోయి, సుమారు 6 గంటలు నిలిచిపోయాయి. సాధారణ నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం తమ డేటా కేంద్రాల మధ్య లైన్లన్నింటినీ తెంచివేసిందని, అటువంటి ఆదేశాన్ని అడ్డుకోవలసిన తనిఖీ సాధనంలో కూడా లోపముందని ఆ సంస్థే వెల్లడించింది. దూరం నుంచి సరిచేసే దారులు కూడా మూసుకుపోవడంతో ఇంజనీర్లు స్వయంగా డేటా కేంద్రాలకు వెళ్లవలసి వచ్చింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ సంస్థ నెట్‌వర్క్ కుప్పకూలి కోటీ 20 లక్షల మందికి పైగా వినియోగదారులు ఇబ్బంది పడ్డారు. అత్యవసర ఫోను సేవలకూ ఆటంకం కలిగింది. రూటరు అమరికల్లోంచి ఒక వడపోత నిబంధనను తొలగించడమే అందుకు మూలకారణమని తేలింది.

తాళం లోపల పెట్టి తలుపు వేసుకోకుండా

దూరం నుంచి రూటరును సరిదిద్దేటప్పుడు, మనం వచ్చిన దారినే మనం మూసివేసుకునే ప్రమాదముంది. పత్తికొండలో కూర్చొని కైరుప్పల రూటరును మారుస్తూ అలా చేస్తే ప్రయాణం తప్పదు. దీనికి విరుగుడు ముందుగానే ఉంది. మార్పు చేయడానికి ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అనే ఆదేశమివ్వాలి. 10 నిమిషాల తర్వాత పరికరం తనంతట తాను ఆగి, మళ్లీ లేస్తుంది. మార్పులను భద్రపరచలేదు కనుక పాత అమరికలతోనే లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ అని రద్దుచేసుకోవాలి. రీలోడ్ ఆదేశమిచ్చినప్పుడు మార్పులను భద్రపరచాలా అని పరికరం అడిగితే వద్దనే చెప్పాలి. లేనిపక్షంలో ఈ జాగ్రత్తకు అర్థమే ఉండదు.

జూనిపర్ పరికరాల్లో ఈ సౌకర్యం మరింత మెరుగ్గా ఉంది. అక్కడ మార్పులు ముందు చిత్తుప్రతిలో ఉంటాయి. ‘కమిట్’ అన్నప్పుడే అమలవుతాయి. ‘కమిట్ కన్‌ఫర్మ్‌డ్’ అని చెప్పి, 10 నిమిషాల్లోగా మళ్లీ ధ్రువీకరించకపోతే పాత స్థితికి వచ్చేస్తుంది. చిన్న ఇంటర్నెట్ సంస్థలు వాడే మైక్రోటిక్ రూటర్లలో కంట్రోల్, ‘ఎక్స్’ నొక్కితే ‘సేఫ్ మోడ్’ మొదలవుతుంది. ఆ మధ్యలో మన లైను తెగిపోతే చేసిన మార్పులు వాటంతటవే రద్దవుతాయి.

మార్పు మంచిదని రూఢి అయ్యాక భద్రపరచడం మరువరాదు. ప్రస్తుతం నడుస్తున్న అమరికలు తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి. ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ అంటేనే శాశ్వత జ్ఞాపకంలోకి చేరుతాయి. భద్రపరచని పని కరెంటు పోయిన మరుక్షణం తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు కోతలకు అలవాటుపడిన పల్లెల్లో ఈ సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు.

అన్నిటికన్నా మిన్న కాగితం మీది పని. ఏ ఆదేశాలు ఇవ్వబోతున్నామో ముందే వరుసగా రాసుకోవాలి. ప్రతి ఆదేశానికి ఎదురుగా దానిని రద్దుచేసే ఆదేశం రాయాలి. మార్పునకు ముందు, తర్వాత ‘షో’ జవాబులను ఫైలులో దాచుకోవాలి. ఈ మూడూ ఉన్నవారికి తొందరలోనూ చేయి వణకదు.

రూటరు కొనకుండానే సాధన

పశ్చిమ ప్రాంతంలో వానలు ముఖం చాటేసిన ఏడాది గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు వలస వెళ్లే కుటుంబాలెన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో డిగ్రీ వరకు చదివిన పిల్లలు హైదరాబాదులోని అమీర్‌పేటకు వెళ్లి కోర్సులు చేయడం ఏళ్లుగా సాగుతోంది. అద్దె, భోజనం, ఫీజు కలిపితే ఆ ఖర్చు తక్కువేమీ కాదు. తొలి పాఠాలకైతే అంత దూరం వెళ్లనక్కరలేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకున్నవారికి ‘ప్యాకెట్ ట్రేసర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. దానిలో ఉత్తుత్తి రూటర్లు, స్విచ్‌లు పెట్టి, తీగలు కలిపి, నిజమైన ఆదేశాలనే సాధన చేయవచ్చు. లినక్స్ కంప్యూటరు మీద ఉచితంగా నడిచే ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆదేశాలు సైతం సిస్కో పద్ధతికి చాలా దగ్గరగా ఉంటాయి. ఇక్కడ ఎన్ని తప్పులు చేసినా ఏ ఊరి ఇంటర్నెట్టూ పోదు. ‘యాడ్’ పదం కావాలని మరిచి ఏమవుతుందో చూడటం, రీలోడ్ గడువు పెట్టి దారి మూసుకోవడం వంటివి ఇక్కడే చేసి చూడాలి. ఆ మీదట సీసీఎన్‌ఏ వంటి పరీక్షకు డబ్బు కట్టాలో లేదో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు.

ఒక హెచ్చరిక అవసరం. అనుమతి లేకుండా ప్రభుత్వ కార్యాలయంలోనో, మరొకరి సంస్థలోనో ఉన్న పరికరంలోకి ప్రవేశించడం నేరం. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద, దురుద్దేశంతో చేసినట్లు రుజువైతే 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అనుమతి ఉన్నవారు సైతం రహస్య పదాలను పెట్టె మీద కాగితం అంటించి రాయరాదు. దూరం నుంచి ప్రవేశించడానికి అక్షరాలు బాహాటంగా వెళ్లే టెల్నెట్‌ను కాక, గుప్తంగా వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడాలి.

గ్రామాల్లో తీగలు లాగడానికి, పెట్టెలు అమర్చడానికి కోట్లు వెచ్చిస్తున్నారు. వాటితో మాట్లాడగల మనిషి మండలానికి ఒకరైనా లేకపోతే, చిన్న లోపానికి కూడా పట్టణం నుంచి వచ్చే వాహనం కోసం నిరీక్షించవలసిందే. ఆ మనిషి ఈ ప్రాంతపు పిల్లవాడో, పిల్లో అయితే ఇంట్లో ఒక జీతం మిగులుతుంది, సచివాలయం ముందు క్యూలో నిలబడిన వృద్ధురాలికి ఒక పూట మిగులుతుంది.